కత్తి తగలని వెంట్రుక

కాదు పెద్దనాయినా, నిన్న నువ్వు అన్న మాట నేను ఒప్పుకోను. నిన్న నేను బదులు చెప్పలేదంటే బదులు లేక కాదు. పోయిన మనిషికి పెట్టిన విస్తరి ముందు కొట్లాడటం బాగుండదని నోరు మూసుకున్నాను. ఇవాళ ముందు విస్తరి లేదు, కాగితం ఉన్నది. చెప్తాను.

చదివేవాళ్ళకు ముందుగా సంగతి తెలియాలి. మా వదిన చనిపోయింది. జ్వరం వచ్చింది, తగ్గిందన్నారు, మళ్ళీ వచ్చి మనిషిని తీసుకుపోయింది. అప్పుడు నేను హాలియాలో ఆముదాల బస్తాలు మోస్తున్నాను. మా ఊరి గొర్రెలాయన ఒకడు అంగడికి వచ్చి నన్ను చూశాడు. కాసేపు గొర్రెల ధర మాట్లాడాడు, వానల సంగతి మాట్లాడాడు, చివరికి నా మొహం వైపు చూడకుండా "మీ వదినె లేదురా" అన్నాడు. బస్తా నా కుడి భుజం మీదే ఉన్నది. కింద పడెయ్యలేదు. మెల్లగా దించాను. ఆ చేతితో ఏదీ పారెయ్యకూడదని ఎందుకో అనిపించింది.

నేను ఊరు చేరేసరికి మట్టి కప్పేశారు. మొహం చూడలేదు.

నిన్న పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి ఊరి బయట విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడటం మా దగ్గర ఆనవాయితీ. కాకి ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి మాట ఇస్తారు. జొన్నరొట్టె, చింతచిగురు వేసిన కూర, ఆమెకు ఇష్టమైన ఉల్లిగడ్డ కారం పెట్టాం. కాకి రాలేదు. మా బాపు, అంటే మా తండ్రి, ముందుకు పోయి, నీ గొర్రెపిల్లలను అమ్మను బిడ్డా, మంచిగా చూసుకుంటాను అని మాట ఇచ్చాడు. రాలేదు. అమ్మలక్కలు ఏవేవో మాటలు ఇచ్చారు. రాలేదు. అప్పుడు బాపుకు అన్న అయిన మా పెద్దనాయిన కట్టె మీద వాలి నిలబడి అందరికీ వినపడేటట్టు అన్నాడు.

"యాడికెల్లొస్తది పిట్ట? సామికి మొక్కిన జుట్టు పీకి వీని చేతిల కుట్టిచ్చింది. అందుకే మా పెద్దోడు మల్ల ఇంటి మొకం చూడలే. గిప్పుడు ఆమెకు గూడ జాగ దొరుకుతలేదు. ఆ వాసానికున్న మూట తీస్కపోయి గుట్ట మీద పడేసి రా. తీరిపోతది."

నిజానికి నిన్న పక్క ఊళ్ళో పెళ్ళికి మేకలు కోశారు. కాకులన్నీ అటే ఉన్నాయి. ఆ మాట అక్కడే అందామనుకున్నాను. కానీ అంటే నవ్వే మనిషి వదిన ఒక్కతే.

ఇంతకీ ఆ జుట్టు సంగతి ఏమిటో, నా చేతిలో కుట్టించడమేమిటో మొదటి నుంచి చెప్పాలి.

మాది కేతేపల్లికి కాస్త లోపలి ఊరు. గొర్రెలు, కొంచెం చెలక భూమి. నన్ను చదివిద్దామని బాపు భువనగిరిలో చుట్టాలింట పెట్టాడు. అక్కడ బడిలో చెప్పేదంతా ఉర్దూ, కూర్చోబెట్టేది మాత్రం పొద్దంతా. నాకు కూర్చోవడం రాదు. ఒక రోజు బడి నుంచి తప్పించుకుని, కనబడ్డ బండి కనబడ్డట్టు ఎక్కి ఇల్లు చేరాను. బాపు కట్టె తీశాడు. అప్పటికి వదిన కొత్తగా కాపురానికి వచ్చింది. మామ ముందు తల ఎత్తని కొత్త కోడలు, తలుపు చాటు నుంచే అన్నది. "కొట్టకు మామా. వాడు బడికి పనికిరాడు, సరే. గొర్లకన్న పనికొస్తడేమో చూద్దం." కట్టె కిందికి దిగింది. మా అన్న గట్టిగా నవ్వాడు. ఆ ఇంట్లో అన్న నవ్వు నాకు బాగా గుర్తున్నవాటిలో అది ఒకటి.

తర్వాత అన్న సంఘంలో చేరాడు. ముందు రాత్రి మీటింగులు, తర్వాత గుతప కర్రలతో కాపలా, తర్వాత దళం. ఇంటికి రావడం తగ్గింది, ఆపైన ఆగింది. ఆయన దళంలోకి పోయిన వారమే వదిన గుట్ట మీది నరసింహస్వామికి మొక్కుకున్నది. తులసికోట లేదు మాకు, ఇంటి ముందు నిలబడి గుట్ట ఉన్న దిక్కు తిరిగి మొక్కింది. నేను పక్కనే ఉన్నాను. ఆ మాటలు ఇవి. "ఆయన పానంతోని ఇంటికొస్తె ఇద్దరమొచ్చి నా తలనీలాలిస్త. అందాక నా తలకు కత్తి ముట్టది, కత్తెర ముట్టది."

అప్పటి నుంచి ఆ జుట్టు ఆమెది కాకుండా పోయింది. దువ్వుకునేటప్పుడు రాలిన వెంట్రుకలను కూడా పారేసేది కాదు. వేలికి చుట్టి, ఉండ చేసి, పాత గుడ్డలో వేసి ముడి కట్టి వాసానికి వేలాడదీసేది. పూసలు, సూదులు అమ్ముకునే పూసలామె ఊళ్ళోకి వస్తే మిగతా ఆడవాళ్ళు రాలిన జుట్టు ఇచ్చి పిన్నీసులు తీసుకునేవాళ్ళు. ఆమె కన్ను ఎప్పుడూ మా వాసం మీది మూట మీదే. ఎర్ర పూసల దండ చూపించి మరీ అడిగింది. వదిన పడీ పడీ నవ్వింది. "గది నాది కాదక్కా. గుట్ట మీదాయనది. పోయి అడుగు, ఆయన సరే అంటె నాకేంది." పూసలామె కూడా నవ్వి, అంత ఎత్తు నేనెక్కడ ఎక్కుతానని వెళ్ళిపోయింది.

ఇక నా చేతి సంగతి. రజాకార్లు ఊరి మీద పడ్డ రోజు మా గొర్రెల దొడ్డి దగ్గర నా కుడి జబ్బ మీద కత్తి పడ్డది. ఎవరు కొట్టారో, ఎందుకు నన్నే కొట్టారో నాకు తెలియదు, పరుగెత్తుతున్న గుంపులో నేనూ ఒకడిని. రక్తం ఆగడానికి వదిన తన చీర కొంగు చింపి కట్టింది. కబురు ఎట్లా తెలిసిందో మరునాడు అన్న వచ్చాడు. నన్ను బండిలో వేసి, నల్లగొండ బయట తాటివనం దాకా తనే తోలుకొచ్చాడు. పోలీసుల దగ్గర పేరు రాసి ఉన్న మనిషి, పట్నంలోకి అడుగు పెడితే పట్టుకుంటారు. అక్కడ దిగాడు. బాపు, వదిన నన్ను లోపలికి తీసుకుపోవాలి.

పోయేముందు అన్న నా కుడి చెయ్యి తన చేతిలోకి తీసుకుని పైకెత్తి వదిలాడు. మణికట్టు దగ్గర వంగి, తడిసిన గుడ్డలాగా వేలాడింది.

"లేపురా" అన్నాడు.

లేపలేకపోయాను. వేళ్ళు ముడుచుకుంటున్నాయి గానీ మణికట్టు పైకి రావడం లేదు.

"నేనొచ్చెవరకు లేపాలె" అన్నాడు. వదిన వైపు చూసి, తాటిచెట్ల మధ్య నుంచి నడిచిపోయాడు. మేము ముగ్గురమూ ఆయనను చూడటం అదే చివరిసారి.

దవాఖానలో గాయం కుట్టి, మానిన తర్వాత రమ్మన్నారు. గాయం మానింది. చెయ్యి లేవలేదు. మళ్ళీ పోయాం. అక్కడి డాక్టరు సాబు పెద్ద యుద్ధంలో బర్మా దిక్కు పనిచేసి వచ్చినవాడు, తూటాలకు తెగిన చేతులు కాళ్ళు చాలా చూశాడట. తక్కువ మాట్లాడేవాడు. నా చెయ్యి అటూ ఇటూ తిప్పి, సూదితో గుచ్చి, నరం తెగిందన్నాడు. బాపు భుజం మీద గొంగడి చూసి అడిగాడు, ఊలు పోగు తెగితే ఏం చేస్తారని. రెండు కొసలు కలిపి మెలిపెట్టి మలుస్తామన్నాడు బాపు.

"నరాన్ని మలిస్తె పాడైతది" అన్నాడు డాక్టరు. "నరమంటె ఒక్క దారం కాదు పెద్దమనిషీ. సన్న సన్న పోగులను మోపు కట్టి, మీద ఒక పొర చుట్టినట్టుంటది. నేను కుట్టేది ఆ మీది పొరనే. లోపటి పోగులను మనిషెవడు అతకలేడు. రెండు కొసలను ఎదురెదురుగ పెట్టి కదలకుంట పట్టుకుంటె, మీది నుంచి అవే పెరుక్కుంట కిందికొస్తయి."

ఎంత కాలానికి అని బాపు అడిగాడు. గోరు పెరిగినంత నిమ్మళంగా అన్నాడు డాక్టరు. బాపు తన గోళ్ళ వైపు చూసుకున్నాడు. నాకు భయం వేసింది. నేను ఒక చోట పూట కూర్చోలేనివాడిని, ఇది గోరు పెరగడంతో పోటీ.

చిక్కు అక్కడే వచ్చింది. నరం పొరను కుట్టడానికి చాలా సన్నని పట్టుదారం కావాలి. అప్పుడు నిజాం రాజ్యం సరిహద్దులు మూసేశారు, బయటి నుంచి మందులే రావడం లేదు. డాక్టరు దగ్గర ఉన్న పట్టు మోటుది. మోటు దారంతో కుడితే దాని చుట్టూ కాయ కడుతుందట, పెరిగే పోగులు ఆ కాయకు తగిలి దారి తప్పుతాయట. గొర్రె పేగుతో చేసిన దారం ఉన్నది, కానీ అది ఉబ్బుతుంది, కొన్నాళ్ళకు కరిగిపోతుంది, కండకు మంచిదే గానీ నరానికి పనికిరాదన్నాడు. బర్మాలో ఒకసారి దారాలు అయిపోయినప్పుడు, తన పైఅధికారి అయిన డాక్టరు ఆడమనిషి వెంట్రుకతో నరం కుట్టడం చూశాడట. నీళ్ళలో మరగబెట్టి, స్పిరిట్‌లో ఉంచితే దానంత సన్నగా, దానంత గట్టిగా ఇంకొకటి ఉండదన్నాడు. అట్లా చెబుతూ చెబుతూ వదిన జడ వైపు చూశాడు. బారెడు జడ.

వదిన కొంగు తల మీదికి లాక్కున్నది.

 తర్వాత ఆమె మెల్లగా, ఇంట్లో మూటలో రాలినవి ఉన్నాయి, తెప్పిస్తాను అన్నది. రాలినవి ఎండిపోయి ఉంటాయి, ముడి వేస్తే పుటుక్కుమంటాయి, తల మీదివే కావాలన్నాడు డాక్టరు. ఎన్ని అని అడిగింది. నాలుగైదు చాలన్నాడు.

బాపు అడ్డం వచ్చాడు. మా బాపు ఏడవడం అంతకుముందు నేను చూడలేదు. "వద్దు బిడ్డా. గది మొక్కిన జుట్టు. పెద్దోని పానం మీద మొక్కింది. చిన్నోని చెయ్యి పోతె పోనియ్, ఎడమ చెయ్యితోని బతుకుతడు." ఇద్దరు కొడుకుల మధ్య నిలబడి ఆ మాట అనాల్సి వచ్చింది ఆయనకు. నేను మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాను. నాకు చెయ్యి కావాలి. నోరు తెరిచి అడగలేదు, వద్దనీ అనలేదు.

దవాఖాన నర్సు కత్తెర తెచ్చింది. వదిన ఆ కత్తెర వైపు కొంచెంసేపు చూసి, చేత్తో పక్కకు జరిపింది.

"కత్తెర వద్దమ్మా" అన్నది. "కత్తి ముట్టదని మొక్కిన. నా చెయ్యి ముట్టదని మొక్కలే."

నేల మీద కూర్చున్నది. జడ విప్పింది. ఒక్కొక్క వెంట్రుకను వేలికి చుట్టుకుని, కుదురుతో సహా పీకింది. పీకినప్పుడల్లా కంటి కొన దగ్గర చర్మం అదిరేది, అంతే. కిటికీ వెలుగుకు పట్టి చూసి, కొస చీలినదాన్ని పక్కన పెట్టి కొంగు చివర ముడి వేసుకున్నది, మంచిదాన్ని డాక్టరు చేతిలో పెట్టింది. ఆయన రెండు వేళ్ళ మధ్య జార్చి చూసి తల ఊపేవాడు, లేదా తిప్పేవాడు. పట్టు చీరలు కొనే చోట ఇద్దరు బేరగాళ్ళు కూర్చున్నట్టే ఉన్నది. చివరికి ఆయనకు నచ్చినవి తెల్లటి గిన్నెలో చుట్టలు చుట్టుకుని నీళ్ళలో తేలాయి. మత్తుమందు గుడ్డ నా మొహం మీద పెట్టేముందు నేను చూసిన చివరిది ఆ గిన్నె.

పెద్దనాయినా, నువ్వు ఆ గదిలో లేవు. నేను ఉన్నాను. కత్తి ముట్టలేదు. కత్తెర ముట్టలేదు. మొక్కు ఎట్లా ఉన్నదో అట్లాగే ఉన్నది.

మెలకువ వచ్చాక జబ్బ మండుతున్నది, దానితోపాటు కాలి మడమ దగ్గర కూడా మండుతున్నది. కాలికి ఏమైందో తెలియలేదు. తర్వాత డాక్టరు చెప్పాడు. కుట్టిన చోట చుట్టూ ఒక తొడుగు లేకపోతే పక్కన ఉన్న కండ వచ్చి నరానికి అతుక్కుపోతుందట. అందుకని నా కాలి నుంచి సన్నటి రక్తనాళం ముక్క తీసి, గొట్టంలాగా అతుకు మీద తొడిగాడు. మీది కండను గొర్రె పేగు దారంతోనే కుట్టాడు. అది విని బాపు మొదటిసారి నవ్వాడు, గొర్రె మనలను ఎక్కడికి పోయినా వదలదన్నాడు. పేగు కొన్నాళ్ళకు ఒంట్లో కలిసిపోతుంది, తొడుగు కూడా ఒంటిదే గనుక ఒంట్లో కలుస్తుంది, వెంట్రుక మాత్రం కలవదు, ఉన్నన్నాళ్ళు ఉంటుంది అన్నాడు డాక్టరు.

బండిలో ఇంటికి వస్తుంటే వదిన నా కట్టు వైపు చూసి అన్నది. "అండ్ల నీ కాలున్నది, గొర్రె ఉన్నది, నేనున్న. ఇగ నీ చెయ్యి ఏడున్నదిరా పిలగా?"

ఆ తర్వాతి నెలలు నా జన్మలో నేను ఒక చోట ఉన్న నెలలు. మణికట్టు వేలాడకుండా వెదురు బద్దతో కట్టు కట్టారు. కట్టు విప్పి వేళ్ళు చాపడం, మణికట్టు పైకి నెట్టడం, మళ్ళీ కట్టడం వదిన పని. డాక్టరు ఆమెకు ఇంకొకటి కూడా నేర్పాడు. కుట్టు మచ్చ నుంచి కిందికి వేలి కొసతో మెల్లగా తట్టుకుంటూ రావాలి. ఎక్కడ తడితే చీమలు పాకినట్టు వేళ్ళదాకా జివ్వుమంటుందో, పెరిగే నరం అక్కడిదాకా వచ్చిందని గుర్తు.

వదిన దాన్ని పూజలాగా చేసేది. పొద్దున గొర్రెలు దొడ్డి నుంచి బయటికి పోయాక, చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చునేది. తడుతూ తడుతూ నా మొహం చూసేది. నేను ఉలిక్కిపడ్డ చోట పసుపు బొట్టు పెట్టేది. నరం అనేది కాదు, 'ఆయన' అనేది.

"యాడిదాక వచ్చిండు?"

"ఈడిదాక."

"మొన్న గూడ ఈడనే ఉన్నడు గదరా."

"కదుల్తలేడు వదినె."

"యాడనో చెట్టు కింద కూసున్నడు. బీడి తాగుతుండొచ్చు."

అన్న బీడీలు తాగుతాడు. నేను నవ్వాను. ఆమె మొహం చూసి ఆపేశాను. ఆమె నవ్వడం లేదు. పసుపు బొట్టు మీద ఇంకో బొట్టు పెట్టి, లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

నాకు విసుగు పుట్టేది. కట్టు విప్పేసి ఎటైనా పోదామనిపించేది. అట్లాంటప్పుడు తిట్టేది. "నరానికి తెలుసు యాడికి పోవాల్నో. నీకే తెల్వదు." ఇంకో మాట కూడా ఎప్పుడూ అనేది, దాన్ని ఎన్నిసార్లు విన్నానో. "వచ్చేటోడు తొవ్వల ఉంటడు. మనం జాగల ఉండాలె." నాతో అంటున్నదా, తనలో తను అనుకుంటున్నదా అప్పుడు తెలిసేది కాదు.

యూనియన్ మిలిటరీ లారీలు సూర్యాపేట దిక్కు నుంచి వచ్చి కేతేపల్లి మీదుగా పోయిన రోజు జనమంతా తోవ పక్కకు ఉరికారు. మేమూ పోయాం. అందరూ చేతులు ఊపుతున్నారు. నేను ఎడమ చెయ్యి ఊపాను. వదిన చెయ్యి ఊపలేదు. ఒక్కో లారీలో ఉన్న ఒక్కో మొహం చూస్తున్నది, ఆ సిపాయిలలో అన్న ఎందుకుంటాడు? అది ఆమెకూ తెలుసు. చివరి లారీ దుమ్ము అణిగేదాకా చూసి, ఇంటికి వచ్చి, నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తట్టింది. మోచెయ్యి దాటాడు.

రజాకార్లు పోయారు. ఇక దళం వాళ్ళంతా ఇళ్ళకు వస్తారనుకున్నాం. రాలేదు. మిలిటరీ వాళ్ళు దళాలను వెతకడం మొదలుపెట్టారు, మా ఇల్లు కూడా వెతికారు. వాసం మీది మూట దించి విప్పి చూసి, వెంట్రుకలు చూసి, ఏమిటిది అని వాళ్ళ భాషలో అడిగారు. వదిన గుట్ట వైపు చెయ్యి చూపించి దండం పెట్టింది. వాళ్ళలో ఒకడు, వాళ్ళ ఊళ్ళోనూ ఇట్లాంటి మొక్కులు ఉంటాయేమో, జాగ్రత్తగా ముడి కట్టి ఇచ్చాడు.

ఆ చలికాలం ఒక పొద్దున నేను దొడ్డిలో కూర్చున్నాను. ఒక గొర్రెపిల్ల పాల కోసం నా కుడి చేతి వేళ్ళు చీకుతున్నది. నోటితో కిందికి గుంజింది. అప్పుడు నా మణికట్టు, నేను చెప్పకుండానే, దాన్ని పైకి లాగింది. కొంచెమే. జొన్నగింజంత. వదిన పాలచెంబుతో ఎదురుగా నిలబడి ఉన్నది. చూసింది. అరవలేదు, ఎవరినీ పిలవలేదు.

"మల్ల లేపు" అన్నది.

లేపాను. చెంబు కింద పెట్టి, అక్కడే పెంట మీద కూలబడి, నా చేతిని తన మొహానికి ఆనించుకున్నది. వేళ్ళ కింద నాకు ఆమె కళ్ళ తడి తెలిసింది. "మీ అన్న రానియ్. చూపిద్దం" అన్నది.

ఆ రోజు నుంచి చెయ్యి నాది అయింది. నేను ఊళ్ళో లేకుండా పోయాను. లారీ మీద క్లీనరుగా పోయాను, చెరువు కట్ట పనికి పోయాను, నెలకొక పని. వచ్చినప్పుడల్లా ముందు చెయ్యి చాపమనేది. కండ వచ్చిందా, వేళ్ళు పూర్తిగా విచ్చుకుంటున్నాయా చూసేది. ఆ తర్వాతే తిన్నావా అని అడిగేది.

ఈ రెండు మూడేళ్ళు ఆమె చేసిన పని ఇంకొకటి ఉన్నది. జైలు నుంచి ఎవరినో విడుస్తున్నారని చెవిన పడితే చాలు, నల్లగొండ పోయేది. అన్న జైల్లో ఉన్నాడని ఎవరూ చెప్పలేదు. లేడనీ ఎవరూ చెప్పలేదు. కృష్ణ దిక్కు అడవిలో చూశామని ఒకరు, వేరే పేరు మీద పట్టుబడ్డాడని ఒకరు అన్నారు. జైలు గేటుకు ఎదురుగా ఒక రాతి గుండు ఉన్నది, దాని మీద నిలబడేది. ఒకసారి నేను వెంట పోయాను. గేటు తెరుచుకునే ముందు ఆమె తల మీది కొంగు తీసేసింది. జడను వెనక నుంచి ముందుకు, రొమ్ము మీదికి వేసుకున్నది. ఊరి ఆడవాళ్ళు ఎవరూ బజారులో అట్లా నిలబడరు. నేను అటూ ఇటూ చూసి, కొంగు కప్పుకోమన్నాను.

"ఎండకు మొకం నల్లగైందిరా. మనిషి చిక్కిన. గుర్తుపడ్తడో లేదో" అన్నది. "జడ గట్లనే ఉన్నది గద. గిది చూసి గుర్తుపడ్తడు."

గేటులో నుంచి గడ్డాలు పెరిగిన మనుషులు ఒక్కొక్కరుగా వచ్చారు. ఎవరి వాళ్ళు వాళ్ళను పట్టుకున్నారు. అందరూ పోయాక ఆమె జడ వెనక్కు వేసుకుని, కొంగు కప్పుకుని, గుండు దిగింది. దారిలో నాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టింది.

పెద్దనాయినా, నీ సంగతి నాకు తెలియక కాదు. అన్నను నువ్వే పెంచావు. గొర్రెల బొచ్చు కత్తిరించడం వాడికి నేర్పింది నువ్వే. నిన్న అందరూ పోయాక, విస్తరి దగ్గర ఒక్కడివే కూర్చుని, నాతో గొంతు తగ్గించి అన్నావు, ఇంకెన్నాళ్ళురా ఈ ఎదురుచూపు, ఒకదాన్ని తినేసింది చాలదా అని. అప్పుడు అర్థమైంది నాకు. నీ కోపం ఆమె మీద కాదు.

కానీ ఆ మూట గుట్టకు తీసుకుపోవడం నా చేత కాదు. ఆయన వస్తే ఇస్తానని కదా ఆమె మొక్కింది. రాకుండానే ఇస్తే, ఇక రాడని మనమే పోయి స్వామికి చెప్పినట్టు. ఆమె ఆ మాట ఎన్నడూ నోటితో అనలేదు. ఆమె పోయిన నాలుగు నాళ్ళకే నేను అనలేను. మూట ఎక్కడ ఉన్నదో అక్కడే ఉండనియ్యి. ఎలుకలు పట్టకుండా వేపాకు పెట్టి వచ్చాను. అందులో లేనివి కొన్ని నా దగ్గర ఉన్నాయి. చలి ఎక్కువైనప్పుడు జబ్బలో ఆ చోట సన్నగా లాగుతుంది. ఇదివరకు విసుక్కునేవాడిని. ఇప్పుడు లాగితే కాసేపు కదలకుండా నిలబడుతున్నాను.

ఆమె తట్టినట్టు తట్టుకుని చూశాను నిన్న. మచ్చ నుంచి కిందికి, మోచెయ్యి దాటి, బొటనవేలి దాకా. ఎక్కడా జివ్వుమనలేదు. నరం రావలసిన చోటికి వచ్చేసిన తర్వాత ఇక జివ్వుమనదని డాక్టరు సాబు అప్పుడే చెప్పాడు. అయినా ఆ చీమలు పాకడం ఇంకొక్కసారి ఉంటే బాగుండుననిపించింది. ఆ చీమల వెంట ఆమె వేలు ఉండేది.

ఇదంతా కేతేపల్లి తోవ మీది చాయ్ హోటల్ బల్ల మీద రాస్తున్నాను. పొద్దున ఊళ్ళోకి మాట వచ్చింది, ఇవాళ నల్లగొండలో కొందరిని విడుస్తున్నారట. బాపు కట్టుకుపొమ్మని రొట్టెలు ఇచ్చాడు. ఆమె నిలబడే గుండు మీద ఇవాళ ఎవరో ఒకరు నిలబడాలి గదా.

నా దగ్గర జడ లేదు. అన్న వెళ్ళిపోయేనాటికి నాకు మీసం కూడా సరిగా రాలేదు, మొహం చూసి గుర్తుపట్టడు. అందుకే గేటు తెరవగానే కుడి చెయ్యి పైకెత్తుతాను. మణికట్టు వంగకుండా, వేళ్ళు విచ్చి, అందరి తలల మీదుగా కనపడేటట్టు. చివరి మనిషి బయటికి వచ్చేదాకా దించను. తాటివనంలో వేలాడిన చెయ్యి అది, ఆయన లేపమన్న చెయ్యి. అందులో ఆమె

బస్సు వచ్చింది పెద్దనాయినా, నేను పోవాలె.